ముందు ఇండికేటర్ బల్బు ఇంట్లోనే మార్చుకోవడం

కారు ముందు భాగంలో వెలిగి ఆరే ఇండికేటర్ ఎదుటివారికోసం పెట్టిన దీపం. మన దేశంలో బండ్లు రోడ్డుకు ఎడమవైపు నడుస్తాయి. కుడివైపు తిరగాలనుకున్న ప్రతి కారూ ఎదురుగా వచ్చే వాహనాల దారిని దాటుకుంటూ వెళ్ళాలి. ఎదురుగా మోటార్‌సైకిలు మీద వస్తున్న మనిషికి ఆ కారు తిరగబోతోందని చెప్పేది ముందున్న కుడి ఇండికేటరే. వెనక దీపాలు అతనికి కనబడవు. డ్రైవరుకేమో తన కారు ముందు దీపాలు కనబడవు. అందుకే ముందు ఇండికేటర్ బల్బు పోయినా చాలా రోజులు ఎవరికీ తెలియకుండా గడిచిపోతుంది.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 102వ నియమం ఇండికేటర్ల గురించే. దాని ప్రకారం ఇండికేటర్ అంబర్ రంగులో, అంటే పసుపుకూ నారింజకూ మధ్య రంగులో వెలగాలి. నిమిషానికి 60 సార్లకు తగ్గకుండా, 120 సార్లకు మించకుండా వెలిగి ఆరాలి. బల్బు మార్చే పనిలో ఈ రెండు షరతులూ అడుగడుగునా అవసరపడతాయి. ఏ బల్బు కొనాలో రంగు చెబుతుంది. లోపం ఎక్కడుందో, పని సరిగా పూర్తయిందో లేదో వేగం చెబుతుంది.

లోపాన్ని గుర్తించడం

బల్బు పోయిందన్న మొదటి కబురు సాధారణంగా చెవికి అందుతుంది. ఒకవైపు ఇండికేటర్ వేసినప్పుడు డ్యాష్‌బోర్డులో టిక్‌టిక్ శబ్దం మామూలు కన్నా దాదాపు రెట్టింపు వేగంతో వస్తుంది, బాణం గుర్తు కూడా అదే వేగంతో కొట్టుకుంటుంది. రెండోవైపు వేస్తే శబ్దం మామూలుగానే ఉంటుంది. ఇలా ఉంటే వేగం పెరిగిన వైపు ముందుదో వెనకదో ఒక బల్బు పోయిందని అర్థం.

ఈ వేగం వెనక చిన్న ఏర్పాటు ఉంది. ముందొకటి, వెనకొకటి, 21 వాట్ల బల్బులు రెండూ వెలిగినప్పుడు వాటి గుండా ఎంత కరెంటు పారాలో ఫ్లాషర్ రిలేకు లెక్క ఉంటుంది. 12 వోల్టుల దగ్గర ఒక్కో బల్బు ఒకటిముప్పావు ఆంపియర్లు తీసుకుంటుంది. ఒక బల్బు ఆరిపోతే ఆ కరెంటు సుమారు సగానికి పడిపోతుంది. దాన్ని పసిగట్టిన రిలే వేగం పెంచి డ్రైవరును హెచ్చరిస్తుంది. కొత్త కార్లలో విడిగా రిలే ఉండదు, ఈ పనిని కారు ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్ చేస్తుంది. కొన్ని మోడళ్ళలో తెరమీద సందేశం కూడా వస్తుంది. అద్దాల దగ్గరో, ముందు మడ్‌గార్డు మీదో ఉండే చిన్న ఇండికేటర్ బల్బు 5 వాట్లదే కాబట్టి అది పోయినా చాలా కార్లలో వేగం మారదు. దాన్ని కళ్ళతో చూసే తెలుసుకోవాలి.

ఏ బల్బు పోయిందో తేల్చడానికి హజార్డ్ స్విచ్ నొక్కి కారు చుట్టూ ఒకసారి తిరిగితే చాలు. నాలుగు మూలలా, రెండు పక్కలా దీపాలు కనబడాలి. ఆ నడకలో కనబడినదాన్నిబట్టి దారి మారుతుంది.

- ఒక మూల మాత్రమే వెలగకపోతే బల్బునో దాని హోల్డర్‌నో అనుమానించాలి.
- ఏ దీపమూ వెలగకపోతే ఫ్యూజు, రిలే, స్విచ్ చూడాలి. నాలుగు బల్బులూ ఒకేసారి పోవడం జరగదు.
- హజార్డ్ పనిచేస్తూ ఇండికేటర్లు మాత్రం పనిచేయకపోతే స్టీరింగ్ పక్కనున్న స్విచ్‌లోనో, ఇండికేటర్లకు విడిగా ఉన్న ఫ్యూజులోనో లోపం ఉంటుంది.
- దీపం వెలుగుతూనే అంబర్ రంగు పోయి తెల్లగా కనబడితే బల్బు గాజుమీది రంగు పూత రాలిపోయింది. అదీ మార్చవలసిన బల్బే.

కారణం తేలకుండా కొత్త బల్బు కొంటే డబ్బు, శ్రమ రెండూ వృథా కావచ్చు. ఊహతో మొదలుపెట్టక చూసి తేల్చుకున్నాకే చేయి పెట్టడం ఈ పనికి మొదటి సూత్రం.

సరైన బల్బు

బల్బు రకం కారు మాన్యువల్‌లో బల్బుల పట్టికలో ఉంటుంది. పాత బల్బు అడుగునున్న లోహపు టోపీ మీద కూడా కోడ్ చెక్కి ఉంటుంది. మన రోడ్ల మీది కార్లలో ముందు ఇండికేటర్‌కు ఎక్కువగా వాడేవి మూడు రకాలు.

మొదటిది పీ21డబ్ల్యూ. 12 వోల్టులు, 21 వాట్లు, తెల్లగాజు. ఇండికేటర్ పైకప్పే అంబర్ రంగులో ఉన్న కార్లకు ఇది సరిపోతుంది. టోపీకి ఇరుపక్కలా ఉన్న రెండు పిన్నులు సరిగ్గా ఎదురెదురుగా ఉంటాయి.

రెండోది పీవై21డబ్ల్యూ. వోల్టులు, వాట్లు అవే, గాజు మాత్రం అంబర్. పైకప్పు తెల్లగా, పారదర్శకంగా ఉన్న కార్లలో రంగు బల్బునుంచే రావాలి కాబట్టి ఇది వాడతారు. దీని పిన్నులు సరిగ్గా ఎదురెదురుగా ఉండవు. మొదటిదానిలో పిన్నుల మధ్య కోణం 180 డిగ్రీలైతే దీనిలో 150 డిగ్రీలు. తెల్లబల్బును పొరపాటున అంబర్ బల్బు హోల్డర్‌లో పెట్టే వీలు లేకుండా కావాలనే ఈ తేడా ఉంచారు. పిన్ను పట్టడం లేదని బలవంతంగా తిప్పినా, పిన్ను అరగదీసినా ఆ రక్షణ పోతుంది.

మూడోది డబ్ల్యూవై21డబ్ల్యూ. దీనికి లోహపు టోపీ ఉండదు. గాజు అడుగుభాగమే బల్లపరుపుగా ఉండి హోల్డర్‌లోకి నేరుగా దిగుతుంది.

అమెరికాలో కార్లు నడిపే తెలుగువారికి దుకాణాల్లో ఈ కోడ్‌లకు బదులు 1156, 3157, 7440 లాంటి అంకెలు కనబడతాయి. వాటి వెనక ‘ఎ’ గానీ ‘ఎన్ఎ’ గానీ ఉంటే అంబర్ బల్బు అని అర్థం. అక్కడ వెనక ఇండికేటర్ ఎర్రగా ఉన్నా నిబంధనలు ఒప్పుకుంటాయి. ముందుది మాత్రం అక్కడా అంబరే కావాలి.

విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్నా, వీధి చివరి స్పేర్ పార్ట్స్ షాపులో కొన్నా పాత బల్బు చేతపట్టుకుని వెళ్ళడం మంచిది. పక్కపక్కన పెట్టి చూస్తే పిన్నుల స్థానం, ఎత్తు, అడుగున ఉన్న సీసపు చుక్కల సంఖ్య ఒకేలా ఉండాలి. రెండు చుక్కలు, ఎత్తు తేడాగా ఉన్న పిన్నులు కనిపిస్తే అది పీ21/5డబ్ల్యూ. బ్రేకుకూ, రాత్రి వెనక వెలిగే దీపానికీ కలిపి వాడే రెండు ఫిలమెంట్ల బల్బు అది. పేరున్న కంపెనీ బల్బు టోపీ మీద వృత్తంలో ‘ఇ’ అక్షరం, పక్కన అంకె ఉంటాయి. మరీ చవకరకం బల్బుల్లో వేడికి గాజుమీది అంబర్ పూత పెచ్చులుగా లేచిపోవడం తరచుగా జరుగుతుంది. తెల్లమచ్చలు పడిన బల్బును దగ్గరగా పట్టుకుంటే గాజుకు అంటుకున్న నారింజ పొర అంచు గోటికి తగులుతుంది.

కుడి, ఎడమ బల్బులు సాధారణంగా ఒకే వయసువి. ఒకటి పోయిందంటే రెండోది కూడా ఎంతో కాలం నిలవకపోవచ్చు. జంటగా మార్చితే రెండువైపులా వెలుగు కూడా సమానంగా ఉంటుంది.

సామాను, జాగ్రత్తలు

ఈ పనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. స్టార్ స్క్రూడ్రైవర్, 10 మిల్లీమీటర్ల స్పానర్ లేదా సాకెట్, ప్లాస్టిక్ క్లిప్పులు లేపడానికి బల్లపరుపు పనిముట్టు, టార్చిలైటు, పలచని చేతితొడుగులు, పొడి గుడ్డ ఉంటే సరిపోతుంది. చిలుము గీకడానికి సన్నరకం ఉప్పుకాగితం, ఉంటే ఒక మల్టీమీటరు దగ్గర పెట్టుకోవాలి.

కారును చదునైన చోట, వెలుతురులో నిలిపి హ్యాండ్‌బ్రేక్ వేయాలి. ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి, లైట్ల స్విచ్‌లన్నీ ఆపాలి. కొంతసేపు వెలిగిన బల్బు గాజు చర్మం కాలేంత వేడెక్కుతుంది, పక్కనే ఉన్న హెడ్‌లైట్ బల్బు ఇంకా వేడిగా ఉంటుంది. రెండూ చల్లారేదాకా ఆగాలి. ఇంజన్ కూడా చల్లబడాలి. చాలా కార్లలో రేడియేటర్ ఫ్యాను కరెంటుతో తిరుగుతుంది, ఇంజన్ ఆగాక కూడా అది ఉన్నట్టుండి తిరగడం మొదలుపెట్టే మోడళ్ళున్నాయి. ఆ పరిసరాల్లో చేయి పెట్టేటప్పుడు ఉంగరాలు, గాజులు, వేలాడే చున్నీ, వదులు చేతుల చొక్కా లేకుండా చూసుకోవాలి.

బల్బు దగ్గరికి చేరే దారులు

అసలు కష్టమంతా బల్బు దగ్గరికి చేయి చేరడంలోనే ఉంటుంది. దారి ఏదో మాన్యువల్ చెబుతుంది. సాధారణంగా అది మూడింటిలో ఒకటి.

అన్నింటికన్నా తేలికైనది బానెట్ దారి. బానెట్ ఎత్తి హెడ్‌లైట్ వెనక చూస్తే రెండు మూడు హోల్డర్లు కనబడతాయి. ఇండికేటర్ ఏదో గుర్తుపట్టడానికి బయటినుంచి దీపం స్థానం చూసుకుని, లోపల అదే చోట ఉన్న హోల్డర్‌కు వెళ్ళే వైర్లను అనుసరించాలి. ఒకవైపు బ్యాటరీయో, ఎయిర్ ఫిల్టర్ డబ్బానో, వాషర్ నీళ్ళ డబ్బా గొట్టమో అడ్డుండవచ్చు. నీళ్ళ గొట్టం, ఫిల్టర్ డబ్బా క్లిప్పులు విప్పితే పక్కకు జరుగుతాయి. బ్యాటరీనే కదపవలసి వస్తే ముందు నెగటివ్ తీగ, తర్వాత పాజిటివ్ తీగ విప్పాలి. బిగించేటప్పుడు ముందు పాజిటివ్, చివరగా నెగటివ్.

రెండోది చక్రం దారి. స్టీరింగును పనిచేసే వైపుకు ఎదురుగా పూర్తిగా తిప్పితే చక్రం ముందుభాగం లోపలికి జరిగి, మడ్‌గార్డు కింద నల్లటి ప్లాస్టిక్ లైనర్ ముందుభాగం తెరుచుకున్నట్టు కనబడుతుంది. దాని స్క్రూలు, క్లిప్పులు కొన్ని తీసి లైనర్‌ను మెల్లగా వంచితే దీపం వెనకభాగం చేతికందుతుంది. క్లిప్పు మధ్య పిన్నును ముందు లేపి ఆ తర్వాతే మొత్తం క్లిప్పు లాగాలి. ఒక్కసారిగా లాగితే విరుగుతుంది. ఈ పద్ధతిలో జాకీ అవసరం రాదు. ఎవరైనా జాకీ వేసినా స్టాండు లేకుండా కారు కిందికి చేయిగానీ తలగానీ పోనివ్వకూడదు.

మూడోది మొత్తం హెడ్‌లైట్‌ను విప్పి ముందుకు జరిపే దారి. పైన కనబడే 10 మిల్లీమీటర్ల బోల్టులు విప్పాక హెడ్‌లైట్‌ను రెండు చేతులతో తిన్నగా ముందుకు లాగాలి. వైర్లు ఎంత పొడవున్నాయో చూసుకుంటూ జరపాలి, కప్లర్ మీది నాలుకను నొక్కితేనే అది ఊడుతుంది. బంపరు మీద గీతలు పడకుండా ముందే గుడ్డ పరచాలి. బంపరు ఊడదీస్తే తప్ప హెడ్‌లైట్ రాని కార్లు కూడా ఉన్నాయి. అలాంటి కారు అయితే పనిని గ్యారేజీకి అప్పగించడమే తెలివైన పని.

తీయడం, పెట్టడం

హోల్డర్‌ను వెనకనుంచి పట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురుగా సుమారు పావు వంతు తిప్పితే వదులవుతుంది. ఏళ్ళతరబడి కదలని హోల్డర్ మొరాయిస్తే అటూ ఇటూ కొద్దికొద్దిగా కదిలించాలి తప్ప ప్లయర్‌తో మెలితిప్పకూడదు. వేడికి ఎండి పెళుసెక్కిన ప్లాస్టిక్ చెవులు ఇట్టే విరుగుతాయి. వైర్లు పట్టుకుని లాగడం అంతకన్నా ప్రమాదం.

హోల్డర్ బయటికి వచ్చాక పిన్నుల బల్బు అయితే లోపలికి నొక్కి, నొక్కిపెట్టే అపసవ్యంగా తిప్పి వదలాలి. ఇళ్ళలో పాత గుండుబల్బును హోల్డర్‌లోంచి తీసే పద్ధతీ ఇదే. గాజు అడుగు బల్బు అయితే తిప్పకుండా తిన్నగా లాగాలి. గాజు పగిలి లోహపు టోపీ ఒక్కటే మిగిలిపోతే తొడుగులు వేసుకుని ముక్కు ప్లయర్‌తో టోపీ అంచు పట్టుకుని నొక్కి తిప్పాలి.

తీసిన బల్బును ఒకసారి పరిశీలించాలి. ఫిలమెంట్ తెగి వేలాడుతుంటే, గాజు లోపల నల్లటి మసి పట్టి ఉంటే బల్బు పోయినట్టే. ఆ మసి ఫిలమెంట్ నుంచి ఆవిరై గాజుకు అంటుకున్న టంగ్‌స్టన్. వెలిగిన ప్రతిసారీ చల్లగా ఉన్న ఫిలమెంట్ మొదటి క్షణంలో మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. నిమిషానికి ఎన్నోసార్లు ఇలా వేడెక్కి చల్లారడం, గతుకుల రోడ్ల అదురు కలిసి ఫిలమెంట్‌ను తెంచుతాయి. కంటికి తేలకపోతే మల్టీమీటరును ఓమ్ మీద పెట్టి టోపీకీ అడుగు చుక్కకూ తగిలించాలి. మంచి బల్బు చల్లగా ఉన్నప్పుడు ఒక ఓమ్ దగ్గర గానీ అంతకన్నా తక్కువ గానీ చూపిస్తుంది. ఏమీ చూపకపోతే ఫిలమెంట్ తెగింది.

కొత్త బల్బు పెట్టేముందు హోల్డర్ లోపలికి టార్చి వేయాలి. సముద్రతీర ప్రాంతాల్లో ఉప్పుగాలికి, వానాకాలంలో తేమకు లోపలి రేకుల మీద ఆకుపచ్చ చిలుమో తెల్లటి పొడో పేరుకుంటుంది. దాన్ని ఉప్పుకాగితంతో మెల్లగా గీకి, పొడిగుడ్డతో తుడవాలి. అడుగున స్ప్రింగు రేకు చదునైపోతే కరెంటు సరిగా అందదు, ఇగ్నిషన్ ఆపి ఉన్నప్పుడే దాన్ని కాస్త పైకి లేపాలి. హోల్డర్ చుట్టూ ఉన్న రబ్బరు వలయం పగిలి ఉంటే మార్చాలి. లేకపోతే నీళ్ళు చేరి కొత్త బల్బుకూ అదే గతి పడుతుంది.

బల్బును గుడ్డతోనో తొడుగులతోనో పట్టుకుని, పిన్నులు గాడిలో కూర్చునేలా నొక్కి సవ్యదిశలో తిప్పాలి. మామూలు 21 వాట్ల బల్బుకు వేలిముద్ర పడితే హాలోజన్ బల్బుకు జరిగినంత నష్టం ఉండదు. అయినా గాజు శుభ్రంగా ఉంచడం మంచి అలవాటు. కోడ్‌లో ‘హెచ్’ అక్షరం ముందు ఉంటే అది హాలోజన్ బల్బు, దాని గాజును చేత్తో తాకనే కూడదు. విప్పినవన్నీ మళ్ళీ బిగించేముందే ఒకసారి ఇగ్నిషన్ వేసి ఇండికేటర్ పరీక్షిస్తే, వెలగనప్పుడు రెండోసారి విప్పే బాధ తప్పుతుంది.

కొత్త బల్బు కూడా వెలగకపోతే

ముందు అదే బల్బును రెండోవైపు హోల్డర్‌లో పెట్టి చూడాలి. అక్కడ వెలిగితే లోపం మొదటి హోల్డర్‌లోనో వైర్లలోనో ఉంది. మల్టీమీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టి, ఇండికేటర్ వేసి, హోల్డర్ అడుగు రేకుకూ పక్క లోహానికీ తగిలిస్తే అంకె ఉండుండి 12 దగ్గరికి లేచి మళ్ళీ పడాలి. అంకె అలా లేవకపోతే మీటరు నల్లతీగను కారు బాడీ లోహానికి మార్చి చూడాలి. అప్పుడు వోల్టేజి కనబడితే కరెంటు వస్తోంది, ఎర్త్ తీగ తెగిందో వదులైందో అని తేలుతుంది. ఇండికేటర్ వేసినప్పుడు పక్కనున్న పార్కింగ్ లైటు కూడా మసకగా కొట్టుకుంటుంటే అదీ ఎర్త్ లోపానికి గుర్తే.

ఫ్యూజు పోయి ఉంటే అంతే ఆంపియర్ల ఫ్యూజు మాత్రమే వేయాలి. పెద్దది వేసినా, రాగి తీగ చుట్టినా షార్ట్ ఉన్న చోట వైరు కాలి కారుకే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే ఎక్కడో షార్ట్ ఉంది. అది ఆటో ఎలక్ట్రీషియన్ చూడవలసిన పని.

ఎల్‌ఈడీ బల్బుల సంగతి

ఎక్కువకాలం వస్తుందని ఫిలమెంట్ బల్బు బదులు ఎల్‌ఈడీ బల్బు పెట్టేవారు చాలామంది ఉన్నారు. అది తీసుకునే కరెంటు చాలా తక్కువ. దాంతో రిలే బల్బు పోయిందనుకుని వేగం పెంచుతుంది. దీన్ని సరిచేయడానికి 6 ఓమ్‌ల, 50 వాట్ల రెసిస్టర్ కలుపుతారు. 12 వోల్టుల దగ్గర అది వెలిగిన క్షణంలో 24 వాట్ల వేడి పుట్టిస్తుంది. ప్లాస్టిక్‌కో వైర్లకో ఆనుకుని ఉంటే వాటిని కరిగించగలదు. పైగా ఫిలమెంట్ కోసం మలచిన అద్దపు గిన్నెలో ఎల్‌ఈడీ వెలుగు వేరేలా చెదిరి, ఎండలో దూరంనుంచి మసకగా కనబడవచ్చు. కారుతో వచ్చిన రకం బల్బే మళ్ళీ పెట్టడం ఇంటి పనికి క్షేమం.

చివరి పరీక్ష

అన్నీ బిగించాక పరీక్ష పద్ధతిగా చేయాలి. ఎడమ, కుడి ఇండికేటర్లు విడివిడిగా, తర్వాత హజార్డ్ వేసి ప్రతి మూలా చూడాలి. గడియారం పట్టుకుని పదిహేను సెకన్లు లెక్కపెడితే 15 నుంచి 30 సార్లు వెలగాలి, నియమం చెప్పే వేగం అదే. హెడ్‌లైట్, పార్కింగ్ లైటు కూడా వెలిగించి, పనిలో ఏ కప్లరూ ఊడిపోలేదని నిర్ధారించుకోవాలి. హెడ్‌లైట్ విప్పి బిగించి ఉంటే గోడకెదురుగా కారు నిలిపి రెండు వెలుగులూ మునుపటి ఎత్తులోనే పడుతున్నాయో లేదో చూడాలి. మొదటి వానకో, కారు కడిగాకో దీపం లోపల పలచని మంచు కమ్మి తర్వాత దానంతటదే పోతే భయం లేదు. నీటిచుక్కలు అడుగున నిలిస్తే రబ్బరు వలయం సరిగా కూర్చోలేదని అర్థం.

బల్బు దొరికేలోపు కారు నడపక తప్పకపోతే చేతి సంజ్ఞలు వాడాలి. కుడివైపు తిరగడానికి కుడిచేతిని కిటికీలోంచి బయటికి భుజానికి సమంగా చాచి అరచేయి ముందుకు చూపాలి. ఎడమవైపు తిరగడానికి అదే చేతిని చాచి గడియారం ముల్లుకు ఎదురుదిశలో గుండ్రంగా తిప్పాలి. చీకట్లో ఇవి కనబడవు కాబట్టి రాత్రి ప్రయాణం మానుకోవాలి.

పని పూర్తయ్యాక బల్బు కోడ్, మార్చిన తేదీ మాన్యువల్ వెనకపేజీలో రాసిపెట్టుకోవాలి. అదే కోడ్ బల్బు ఒకటి గ్లవ్‌బాక్సులో మెత్తని గుడ్డలో చుట్టి ఉంచుకోవాలి. పాత బల్బును కాగితంలో చుట్టి, చెత్త ఎత్తేవారి చేతికి గాజు గుచ్చుకోకుండా పారవేయాలి. నెలకోసారీ, దూరప్రయాణానికి ముందూ హజార్డ్ వేసి కారు చుట్టూ తిరిగి చూస్తే ముందు బల్బు పోయిన సంగతి అదే రోజు తెలిసిపోతుంది.